పోస్టర్ మార్పించాకే టికెట్ కొను

తల్లీ,

సలాం. హాంబుర్గ్‌లో డాన్స్ టీచర్‌గా నీకు పిలుపొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఏడ్చింది, కాసేపు నవ్వింది, చివర్లో "అంతా నీ వల్లే, చిన్నప్పుడు దాని చేతికి చెంచాలిచ్చి ఎగరడం నేర్పింది నువ్వే కదా" అని నన్ను తిట్టి పెట్టేసింది. నాకు మాత్రం కాళ్ళు నేల మీద నిలవలేదు. వీధి చివర టర్కీ వాళ్ళ మిఠాయి కొట్టుకెళ్ళి బక్లావా కొని, మా బిల్డింగు మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ పంచాను. మా చెల్లెలి కూతురు జర్మనీకి పాఠం చెప్పడానికొస్తోంది అని గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాత ఆ స్టూడియో వాళ్ళ పోస్టర్ మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. తిన్నది గొంతులోనే ఆగిపోయింది.

వెనకాల మూడు పిరమిడ్లు. పక్కన ఒంటె. మధ్యలో తళుకుల బట్టల్లో నువ్వు. ఆ బట్టలు నీవి కావని నాకు తెలుసు, కంప్యూటర్లో అతికించారు, మెడ దగ్గర రంగు కలవనే లేదు. పైన "ఫరోల రహస్య నృత్యం" అని పెద్ద అక్షరాలు. కింద "ఐదు వేల ఏళ్ళ సంప్రదాయం, ఈజిప్టు నుంచి నేరుగా". అమ్మాయ్, నువ్వు పోర్ట్ సయీద్ పిల్లవి. సూయజ్ కాలవ ఒడ్డున పుట్టావు. పిరమిడ్లని స్కూలు వాళ్ళు తీసుకెళ్తే చూశావు. ఒంటె దగ్గరికొస్తే మీ నాన్న వెనకాల దాక్కున్నావు, ఆ ఫోటో ఇంకా నా దగ్గరుంది.

ఇదంతా ఫోన్లో చెబితే "సరే ఖాలూ, సరే మావయ్యా" అంటూ అటు గోళ్ళరంగు వేసుకుంటావు. అందుకని కూర్చుని రాస్తున్నాను. రెండుసార్లు చదువు. మీ నాన్నకి మాత్రం చూపించకు, ఆయనకి ఇప్పటికే టెన్షన్ ఎక్కువ.

ముందు తేలికవి చెప్పేస్తాను. సర్టిఫికెట్లు, ట్రూప్‌లో పనిచేసినట్టు కాగితం, అన్నీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత జర్మన్‌లోకి చేయించుకో. ట్రూప్‌కి రాజీనామా ఇవ్వకు, జీతం లేని సెలవు పెట్టు. ఆరోగ్య బీమా లేకుండా ఒక్క రోజు కూడా ఉండకు. చలి బూట్లు అక్కడ కొనకు, ఇక్కడ కొనుక్కో. జర్మన్ నేర్చుకో, కనీసం శరీర భాగాల పేర్లు, కుడి, ఎడమ, "మళ్ళీ", "నెమ్మదిగా", "ఊపిరి పీల్చండి". మొదటి ఆరు నెలలు వీటితోనే బండి నడుస్తుంది.

ఇక నేల సంగతి. నవ్వకు. స్టూడియోలో అడుగుపెట్టగానే అద్దాలు చూడకు, నేల చూడు. చెప్పులు విప్పి మడమతో ఒకసారి గట్టిగా తొక్కు. కింద ఖాళీ ఉన్న చెక్క నేలైతే లోపలి నుంచి బొంగురుగా శబ్దం వస్తుంది, పాదం కొంచెం తిరిగి పైకొస్తుంది. కాంక్రీటు మీద పల్చటి షీటు పరిచిన నేలైతే శబ్దమే రాదు, ఆ దెబ్బ నేరుగా మోకాలికి ఎక్కుతుంది. నేను జర్మనీకొచ్చిన కొత్తలో పాఠాలు చెప్పింది ఊరి సాయంత్రం బడిలో. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సాయంత్రాలు కుండలు చేయడం, స్పానిష్, యోగా, ఏది కావాలంటే అది నేర్చుకునే చోటు. వాళ్ళిచ్చిన గది బేస్‌మెంటులో. ఆ నేల మీద మన సయీదీ, అదే దక్షిణ ఈజిప్టు డాన్సు, గుర్రపు అడుగులు ఏళ్ళ తరబడి వేశాను. ఇప్పుడు నా కుడి మోకాల్లో ఉన్నది దేవుడిచ్చింది కాదు, డాక్టరు పెట్టింది. నేల బాగోకపోతే ఆ గదిలో దూకే అడుగులు నేర్పకు. నడకలు, చేతులు, తాళం నేర్పు. గది మార్చమని అడగడానికి సిగ్గుపడకు.

రెండోది పెన్షన్. ఇది చదవకుండా దాటేస్తావని తెలుసు. నీ వయసులో నేనూ అంతే.

నిన్ను ఉద్యోగిగా పెట్టుకుంటున్నారా, గంటల లెక్కన డబ్బిచ్చి "నీ పన్నులు నువ్వే కట్టుకో" అంటున్నారా? ముందు అది తేల్చుకో. నాకైతే రెండోదే అనిపిస్తోంది, వాళ్ళకి అదే చవక. స్వతంత్రంగా పనిచేసే ప్రోగ్రామరు చాలావరకు పెన్షన్ కట్టకపోయినా నడుస్తుంది. కానీ కింద ఉద్యోగులెవరూ లేకుండా సొంతంగా పాఠం చెప్పుకునే టీచరు ప్రభుత్వ పెన్షన్ కట్టి తీరాలి. డాన్స్ టీచరు కూడా టీచరే. పని మొదలుపెట్టిన మూడు నెలల్లోగా వాళ్ళకి మనమే తెలియజేయాలి, వాళ్ళొచ్చి అడగరు. ఉద్యోగికైతే సగం యజమాని కడతాడు. మనకి యజమాని లేడు కాబట్టి ఆదాయంలో 18.6 శాతం మొత్తం మన జేబులోంచే.

కైరో నుంచి వచ్చినవాడొకడు, నాతోపాటే ఈ దేశంలో దిగాడు, నాకంటే మంచి డాన్సరు. ఇదేమీ తెలియక హాయిగా పాఠాలు చెప్పుకున్నాడు. ఒకరోజు ఉత్తరం వచ్చింది, వెనకటి ఏళ్ళ బాకీ మొత్తం ఒకేసారి కట్టమని. ఆ ఉత్తరం పట్టుకుని అర్ధరాత్రి మా ఇంటికొచ్చాడు. చదివి అర్థం చెప్పింది నేనే. కారు అమ్మాడు. పెళ్ళిళ్ళ పార్టీల్లో, రెస్టారెంటు టేబుళ్ళ మధ్య ఆడాడు, యాభై దాటిన మనిషి. నువ్వు అలా ఆడాల్సి రాకూడదు. వచ్చినదాంట్లో మూడో వంతు అసలు నీది కాదనుకుని వేరే ఖాతాలో పడెయ్యి. పార్టీల్లో పాటలు పెడితే వాటి హక్కుల రుసుము "గేమా" వాళ్ళకి కట్టాలి, అది కార్యక్రమం పెట్టినవాళ్ళ బాధ్యత అని కాంట్రాక్టులో రాయించు. డబ్బు గోల ఇంతటితో ఆపేస్తున్నాను.

ఇప్పుడు పోస్టర్ దగ్గరికొద్దాం. నాకు నిద్ర పట్టనిది దీనివల్లే.

నేనిక్కడికి వచ్చింది 1980ల మధ్యలో. అప్పుడు జర్మనీలో ఎక్కడ చూసినా మన డాన్స్ పిచ్చే. నా క్లాసుకొచ్చినవాళ్ళందరూ ఆడవాళ్ళే, నడుముకి నాణేల రుమాలు కట్టుకుని వచ్చేవాళ్ళు. నాకొచ్చినవి చెంచాలు కొడుతూ ఆడే మన పోర్ట్ సయీద్ రేవు డాన్సు బంబూతియ్యా, దక్షిణ ఈజిప్టు కర్ర డాన్సు, ట్రూప్‌లో నేర్పిన మిగతా ప్రాంతాలవి. వాళ్ళకి కావల్సింది కథ. "ఇది ఎంత పాతది? దీని అర్థమేంటి? ఎవరు ఆడేవారు?" ప్రతి అడుగుకీ ఒక ప్రశ్న. మనూళ్ళో ట్రూప్ మాస్టరుని ఎవడైనా ఇన్ని అడిగాడా? అరిస్తే వేసేవాళ్ళం, అంతే. నాకు సమాధానాలు తెలియవు. తెలియదని చెబితే డబ్బులిచ్చి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని భయం. అలా కథలు కల్పించడం మొదలైంది.

వాళ్ళకి అన్నిటికంటే ఇష్టమైంది మలాయా డాన్సు. ఒంటికి నల్ల దుప్పటి బిగించి చుట్టుకుని, జారవిడిచి, మళ్ళీ లాక్కుని, చూయింగ్ గమ్ నములుతూ, వయ్యారంగా. మలాయా చుట్టుకుని బజారుకెళ్ళే ఆడవాళ్ళని నేను చిన్నప్పుడు చూశాను. కానీ దాంతో డాన్సు చేసినవాళ్ళని స్టేజీ మీద తప్ప ఎక్కడా చూడలేదు. అయినా క్లాసులో ఏం చెప్పానో తెలుసా? "మా అమ్మమ్మల కాలంలో అలెగ్జాండ్రియా రేవు వీధుల్లో ఆడవాళ్ళు సాయంత్రమయ్యేసరికి ఇలా ఆడుతూ సముద్రం నుంచి వచ్చే మొగుళ్ళకి ఎదురెళ్ళేవాళ్ళు." చెబుతూ చెబుతూ నాకే ముచ్చటేసింది. ప్రతి బ్యాచ్‌లోనూ ఇంకొంచెం ఉప్పూకారం కలిపాను.

క్లాసులో ఒకావిడ ఉండేది. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఒళ్ళు పెద్దగా వంగేది కాదు, కానీ తాళం ఎప్పుడూ తప్పేది కాదు. నేను చెప్పిన ప్రతి ముక్కా గళ్ళ నోటుబుక్కులో పెన్సిల్‌తో రాసుకునేది. ఆ ఏడు సెలవులకి అలెగ్జాండ్రియా వెళ్ళింది, నాకు చెప్పకుండా. అక్కడి బహరీ పేట వీధుల్లో రోజుల తరబడి తిరిగి, కనబడిన ప్రతి ముసలావిడనీ అడిగిందట, మీ వీధిలో ఈ డాన్సు ఎవరు ఆడేవారని. వచ్చీరాని అరబ్బీలో అడగడమే కాదు, నడిరోడ్డు మీద రెండడుగులు వేసి మరీ చూపించింది. చేపలమ్మే వాళ్ళు పడీపడీ నవ్వారట.

ఒకావిడ మాత్రం నవ్వు ఆపుకుని ఇంటికి తీసుకెళ్ళింది. చేప వేయించి పెట్టింది. పెట్టె తెరిచి తన పాత మలాయా తీసి ఈ జర్మన్ మనిషికి చుట్టి, చంక కింద ఎలా బిగించాలో, ఒక చేత్తో బుట్ట పట్టుకుంటే రెండో మోచేత్తో ఎలా నొక్కి పట్టుకోవాలో చూపించింది. "జారకుండా చూసుకోవడానికే మా ప్రాణం పోయేది, ఇక ఆడేదెక్కడ!" అందిట.

సెలవులయ్యాక క్లాసులో అందరి ముందూ అడిగింది. కోపంగా కాదు. "నేను వెతికాను, దొరకలేదు. మీ అమ్మమ్మ ఏ వీధి?" అంది. అమ్మమ్మ అలెగ్జాండ్రియాలో అడుగుపెట్టిన మనిషే కాదని నీకూ తెలుసు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. నేనేమన్నానంటే, "మీరు తప్పు వీధికి వెళ్ళారు." క్లాసంతా నవ్వింది. ఆవిడ తల వంచుకుని ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకుంది. ఫీజు కట్టిన నెలలు పూర్తయ్యేదాకా క్రమం తప్పకుండా వచ్చింది, తర్వాత మానేసింది. నోరుమూసుకుని ఊరుకున్నా బాగుండేది.

అది అక్కడితో పోలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు టీచర్లయ్యారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ టీచర్లయ్యారు. చాలా ఏళ్ళకి వేరే ఊళ్ళో ఒక వర్క్‌షాపుకి వెళ్తే ఒక కుర్రపిల్ల నాకే మలాయా చరిత్ర చెప్పింది, రేవు వీధి, సాయంత్రం, సముద్రం నుంచి వచ్చే మొగుళ్ళు, అన్నీ వరసగా. పైగా ఆ దుప్పటి ఊపే తీరులో ఓడలకి పంపే రహస్య సంకేతాలున్నాయట. నా అబద్ధానికి మనవలు పుట్టారు తల్లీ, బంగారంలా ఎదిగారు కూడా. ఆ పిల్లని ఏమని తప్పుపడతాను?

నీ పోస్టర్ చూసినప్పుడు గొంతులో అడ్డుపడింది ఇదే. ఆ స్టూడియో వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. పిరమిడ్లు పెడితే జనం వస్తారు, వాళ్ళ అద్దె వాళ్ళు కట్టుకోవాలి. కానీ మొదటి రోజు క్లాసులో నలభయ్యేళ్ళ నర్సు ఒకావిడ చెయ్యెత్తి "ఫరోలు ఇది ఏ పండక్కి ఆడేవారు?" అని అడుగుతుంది. జవాబు చెప్పాల్సింది నువ్వు, పోస్టర్ వేసినవాడు కాదు. అక్కడ ఒక్కసారి తలూపావంటే ఇక ప్రతి వారం ఊపాల్సిందే.

అసలు కథ ఏమన్నా చప్పగా ఉందా చెప్పు? 1959లో కైరోలో మహమూద్ రెడా, ఆయన అన్న అలీ రెడా, ఫరీదా ఫహ్మీ కలిసి ట్రూప్ పెట్టారు. మహమూద్ రెడా జిమ్నాస్టు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఈజిప్టు తరఫున దిగినవాడు. హాలీవుడ్ డాన్సు సినిమాలు చూసి పిచ్చెక్కినవాడు. ఆ రోజుల్లో మంచి ఇంటి పిల్ల స్టేజీ మీద ఆడటమంటే ఊరంతా నోళ్ళు నొక్కుకునేది. ఫరీదా తండ్రి హసన్ ఫహ్మీ ఇంజనీరింగ్ ప్రొఫెసరు. ఆయనే కూతురి వెనక నిలబడ్డాడు. ఆ ఒక్క మనిషి నిలబడటం వల్ల ఎంతమంది తండ్రులకి ధైర్యం వచ్చిందో! మీ తాతకి కూడా. మీ అమ్మ రెండేళ్ళు మన ఊరి ట్రూప్‌లో ఆడిందని నీకు చెప్పిందా? చెప్పి ఉండదు. పెళ్ళయ్యాక ఆ ఫోటోలు బీరువా అడుక్కి పోయాయి. అడుగు, ఒట్టు, నేను చెప్పానని చెప్పకు.

రెడా వాళ్ళు ఊళ్ళు తిరిగి చూశారు, అడుగులు నేర్చుకున్నారు, తర్వాత స్టేజీకి కావల్సినట్టు కొత్తగా అల్లారు. ఊళ్ళో ఆడేది ఉన్నదున్నట్టు తెచ్చామని మహమూద్ రెడా ఎక్కడా చెప్పుకోలేదు. మలాయా డాన్సు ఆయన కూర్చిందే. మువష్షహాత్ పాటలు అందలూసియా నాటివి, అంటే స్పెయిన్‌ని అరబ్బులు ఏలినప్పటివి, ఆ పాటలకి మనం ఆడే డాన్సు ఆయనది. ఫరీదా ఫహ్మీ అమెరికాలో చదివి 1987లో ఎం.ఏ.కి రాసిన థీసిస్ ఆయన నృత్య రచన గురించే. అది నేను చదివింది చాలా ఆలస్యంగా. ఆయన ఒలింపిక్స్ కథకీ, ఆ తండ్రి కథకీ క్లాసులో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. ఫరోలకి అంత ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు నేను మలాయా నేర్పేటప్పుడు ముందే చెప్పేస్తాను: దుప్పటి నిజం, అది చుట్టుకుని నడిచిన ఆడవాళ్ళు నిజం, డాన్సు మాత్రం ఒక కళాకారుడు స్టేజీ కోసం కూర్చింది. ఒక్కరూ డబ్బు వెనక్కి అడగలేదు. ఆ అలెగ్జాండ్రియా ముసలావిడ చూపించిన మోచేతి పట్టు కూడా నేర్పుతాను, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పి మరీ.

పాతదే కావాలని పట్టుబడితే పాతవీ ఉన్నాయి. దక్షిణ ఈజిప్టు తహ్తీబ్ కర్రసాము ఉందిగా. లక్సర్‌లో మెదీనెత్ హబూ గుడి గోడల మీద కర్రలతో తలపడేవాళ్ళ బొమ్మలు చెక్కి ఉన్నాయి. 2016లో యునెస్కో వాళ్ళు తహ్తీబ్‌ని తమ జాబితాలో చేర్చారు. కానీ అది మగవాళ్ళు బరిలో ఆడే ఆట. మీరు సన్నటి వంపు కర్ర తిప్పుతూ చేసేది దాన్ని చూసి కొంటెగా అల్లుకున్న డాన్సు. రెండూ రెండే, కలిపేయకు. సయీదీ నేర్పేటప్పుడు ముందు చప్పట్లతో దుమ్ తక్, దుమ్ దుమ్ తక్ అని నోటితో పలికించు. మధ్యలో వచ్చే ఆ రెండు దుమ్‌ల దగ్గర ఇక్కడివాళ్ళు పైకి ఎగురుతారు. బరువు కిందకి దిగాలని చెప్పు, మోకాలు వదులు చేసి, మడమ నేలకి చెప్పినట్టు. అక్కడ కుదిరితే మిగతాది దానంతటదే వస్తుంది. తొందరపెట్టకు. మనవాళ్ళు చూసి పట్టుకుంటారు, వీళ్ళు అర్థమయ్యాక పట్టుకుంటారు. పట్టుకున్నాక మాత్రం వదలరు.

అసలు నువ్వు మొదలుపెట్టాల్సింది మన సొంతదాంతో. పోస్టర్ మీద పిరమిడ్లు తీయించి కాలవ పెట్టించు. పడవ పెట్టించు. ఓడల చుట్టూ చిన్న పడవల్లో తిరిగి సరుకులమ్మే బంబూతీల బొమ్మ పెట్టించు. "ఫరోలు" తీసేసి "పోర్ట్ సయీద్ రేవు డాన్సు" అని రాయించు. తెడ్డు వేసే భుజం, ఓడ మీదికి తాడు విసిరే చెయ్యి, బుట్ట పైకి లాగుతున్నట్టు వెనక్కి వాలడం, ఏ భాష వాడు కనిపిస్తే ఆ భాషలో బేరమాడే ఆ మొహం, ఇవన్నీ హాంబుర్గ్ వాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అదీ రేవు పట్నమే. నా జర్మన్ క్లాసుల్లో బంబూతియ్యా మొదటిసారి పెట్టినప్పుడు ఒకావిడ ఇంటికెళ్ళి వంటింటి చెంచాలు తెచ్చింది, స్టీలువి. చెవులు చిల్లులు పడ్డాయి. చెక్కవి తీసుకెళ్ళు, ఓ డజను జతలు.

సిమ్సిమియ్యా గురించి కూడా చెప్పు. ఆ వాయిద్యాన్ని కూడా 2024లో యునెస్కో జాబితాలో చేర్చారు, ఈజిప్టు, సౌదీ పేర్ల మీద. కానీ జాబితా సంగతి కాదు నేననేది. 1967లో ఇజ్రాయెల్‌తో యుద్ధం తర్వాత కాలవ ఊళ్ళని ఖాళీ చేయించారు. మేము నైలు డెల్టాలో ఒక బడి గదిలో ఉన్నాం, మూడు కుటుంబాలకి ఒకటే గది, మధ్యలో దుప్పట్లు కట్టుకుని. ఊరివాళ్ళు మంచివాళ్ళే, కానీ మమ్మల్ని "ముహాజిరీన్", అంటే వలసొచ్చినవాళ్ళు, అని పిలిచేవాళ్ళు, నాకది తిట్టులా వినపడేది. రాత్రిళ్ళు మీ తాత ఆ బడి అరుగు మీద సిమ్సిమియ్యా పట్టుకుని కూర్చుంటే మన ఊరివాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు. ఒకసారి తీగ తెగితే ఎవరిదో సైకిల్ బ్రేకు వైరు విప్పి ఒక్కో పోగూ విడదీసి కట్టాడు. అది వినసొంపుగా లేదు, అయినా ఎవరూ లేవలేదు. మేం పిల్లలం ఆ చుట్టు మధ్యలో బంబూతీ అడుగులు వేసేవాళ్ళం. సముద్రమే లేని ఊళ్ళో, గోధుమ చేల పక్కన, తెడ్లు వేస్తూ. మీ అమ్మకి అప్పుడు నాలుగైదేళ్ళు ఉంటాయి, చెంచాలు దానికి బరువై ఒకటే పట్టుకునేది. 1975లో కాలవ మళ్ళీ తెరిచారు, అప్పటికి మేము ఇంటికొచ్చేశాం. ఇది చెప్పు క్లాసులో. యుద్ధం, ఊరు వదలడం అంటే ఏమిటో తెలిసిన ముసలివాళ్ళు జర్మనీలో కూడా ఉన్నారు. ఒకసారి ఒకావిడ నన్ను ఆపి తన చిన్నప్పటి సంగతి చెప్పడం మొదలుపెట్టింది, ఆ రోజు డాన్సు అక్కడితో ఆగిపోయింది. ఆగనీ, ఏం మునిగిపోలేదు.

ఇంకో మాట. మీ నాన్న భయం నాకు తెలుసు, పైకి చెప్పడు. కూతురు పరాయి దేశంలో ఏ హోటళ్ళలో, ఎవరి ముందు ఆడాల్సి వస్తుందోనని. నా భయం వేరు. స్టేజీ మీద నీకేమీ కాదు, నీకు నోరుంది. పాఠం అయ్యాక గది తాళం వేసి, చీకట్లో బస్సు కోసం నిలబడి, ఆదివారం పూట ఫోన్ చేయడానికి ఎవరూ లేక కూర్చునే గంటలు ఉంటాయే, వాటికి నాకు భయం. నవంబర్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఆ గంటల్లోనే మనిషి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాడు, ఎవరు ఏం చెప్పినా తలూపేస్తాడు. అందుకే ఆదివారాలు ఖాళీగా పెట్టుకోకు. ఏదైనా కోరస్‌లో చేరు, పాట రాకపోయినా ఫరవాలేదు, ఇక్కడ ప్రతి వీధికీ ఒక కోరస్ ఉంటుంది. లేదంటే రైలెక్కి మా ఇంటికి రా. కొలోన్‌కి నాలుగు గంటలు. మొలోఖియ్యా ఆకుకూర వండుతాను, డబ్బా ఆకుతోనే అనుకో.

బట్టల వ్యాపారంలోకి దిగకు. ఊరికెళ్ళిన ప్రతిసారీ కైరో ఖాన్ ఎల్ ఖలీలీ బజారు నుంచి నాణేల రుమాళ్ళు, అస్యూత్ లోహపు తీగ కుట్టుపని శాలువాలు సూట్‌కేసు నిండా తెమ్మంటారు. ఒకసారి తెస్తే ఇక నువ్వు టీచరువి కావు, కొట్టువి. పాఠం అయిపోగానే అందరూ నీ చేతులు కాదు, నీ సంచీ చూస్తారు.

ఈ రాత్రికే స్టూడియో వాళ్ళకి మెయిల్ రాయి. మర్యాదగా, పొట్టిగా. "పోస్టర్లో ఫరోలు, ఐదు వేల ఏళ్ళు, ఒంటె తీసేస్తే వస్తాను. దాని బదులు నా ఊరి పేరు, నా ట్రూప్ పేరు వేయండి, ఫోటో నేను పంపుతాను." నువ్వు రేవులో తెల్ల చొక్కాతో చెంచాలు పట్టుకుని దిగిన ఫోటో పంపు. అది బాగుంటుంది, మెడ కూడా నీదే. వాళ్ళు ఒప్పుకోకపోతే బాధపడకు, ఇంకో స్టూడియో దొరుకుతుంది, నేను తిరిగి వెతుకుతాను. ఒప్పుకుంటే కాంట్రాక్టు ఫోటో తీసి నాకు పంపాకే సంతకం. జర్మన్‌లో ఉంటే అలాగే పంపు, చదివి పెడతాను.

సామాన్లలో మీ అమ్మ జున్ను, బస్తర్మా కుక్కుతుంది. వద్దని చెప్పు, పాలవి, మాంసంవి ఇక్కడి కస్టమ్స్ వాళ్ళు లాగేసుకుంటారు. చేప తేవచ్చు. బతారిఖ్, అదే ఎండబెట్టిన చేప గుడ్లు, తీసుకురా, మన రేవు బజారులోదే, బాగా ఎండినది, మైనం పూసినది. నాకోసం అని చెప్పకు, నీకోసమే అంటే రెండు పొట్లాలు కడుతుంది.

మీ ఖాలూ